పగిలిన పింగాణీకి బల్లయోగం

చక్రవర్తి గచ్చు, కాఫీ బల్ల

న్యూయార్క్‌లో పురాతన వస్తువుల వ్యాపారం చేసే ఒకావిడ ఇంట్లో దాదాపు నలభై అయిదేళ్లు ఒక కాఫీ బల్ల ఉండేది. 1960ల్లో ఇటలీలో కొన్న చదరపు రాతి పలక. ఆకుపచ్చ రాళ్లు, ఊదా రాళ్లు, మధ్యమధ్య రంగు గాజు. కింద కాళ్లు పెట్టించి ముందుగదిలో వేసుకున్నారు. 2013లో డారియో డెల్ బుఫాలో అనే ఇటలీ నిపుణుడు, ఆ ఊదా రాయి మీద తాను రాసిన పుస్తకం పట్టుకుని ఆ ఊరు వచ్చాడు. పుస్తకంలో బొమ్మ చూసిన వాళ్లలో ఒకరు దాన్ని గుర్తుపట్టి, ఇది ఫలానావారి బల్ల కదా అనేశారు.

తీరా చూస్తే అది రోమ్ చక్రవర్తి కాలిగులా నేమి సరస్సు మీద తేలించుకున్న విలాసనౌక నేలలో ఒక ముక్క! ఆయన ఏలింది క్రీ.శ. 37 నుంచి 41 దాకా. సరస్సు నీళ్లు తోడించి ఆ నౌకలను బయటపెట్టింది 1928-32 మధ్య. వాటికోసం కట్టిన మ్యూజియం 1944లో తగలబడి నౌకలు బూడిదయ్యాయి. పలక మీద మంట మచ్చ లేదు కాబట్టి అంతకుముందే బయటికి పోయి ఉంటుందని అంచనా. 2017లో అమెరికా అధికారులు దాన్ని స్వాధీనం చేసుకుని ఇటలీకి అప్పగించారు. 2021 నుంచి నేమి మ్యూజియంలోనే ఉంది. ఇప్పుడు దాని మీద కప్పు పెట్టనివ్వరు.

పెరట్లో వేసుకునే బల్లకు చక్రవర్తి అక్కర్లేదు. చేయి జారిన డిన్నర్ సెట్టు, బాత్రూమ్ పనిలో మిగిలిన టైల్స్ ముక్కలు చాలు. అయితే ఈ పనికి దిగేవాళ్ల కళ్లన్నీ ముక్కల మీదే ఉంటాయి. ముక్కలు ఇచ్చేది అందం. బల్ల ఎన్నాళ్లుంటుందో తేల్చేది వాటి కింద ఉన్న పరుపు, వాటి మధ్య ఉన్న సందు. దేశదేశాల మొజాయిక్ పనిమంతుల కథలు తిరగేస్తే తరచూ తేలేది ఈ సంగతే.

ఎంగిలి పరిచిన నేల

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో పెర్గమాన్ అనే గ్రీకు నగరంలో సోసస్ అనే కళాకారుడు భోజనశాల నేల మీద ఎంగిలి పరిచాడు. చేప ముళ్లు, నత్త గుల్లలు, పళ్ల తొక్కలు, కోడి కాళ్లు, విందు ముగిశాక ఊడవకుండా వదిలేసినట్టు, ఒక్కోదానికీ నీడతో సహా. అసలుది మిగల్లేదు. రోమ్‌లో దొరికిన నకలు వాటికన్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక ఎలుక అక్రోటు కొరుకుతూ కూర్చుంది.

సోసస్‌దే అని రోమన్ రచయిత ప్లినీ రాసిన ఇంకో చిత్రం, గిన్నె అంచున వాలి నీళ్లు తాగుతున్న పావురాలు. దాని నకలు 1737లో హాడ్రియన్ చక్రవర్తి విల్లా శిథిలాల్లో బయటపడింది. ఆ తర్వాత రోమ్ చూడవచ్చిన యూరప్ ధనికులకు ఈ పావురాల పిచ్చి పట్టింది. పెట్టెలు, నగలు, బల్ల పలకలు, అన్నిటి మీదా అవే. రంగు గాజును కరిగించి సన్నటి తీగలుగా లాగి, ఆ తీగలను తుంచి నిలబెట్టేవారు. మేలురకం పనిలో చదరపు అంగుళంలో వెయ్యికి పైగా ముక్కలు ఇమిడేవి. భూతద్దం లేకపోతే అది చిత్రలేఖనమే అనుకుంటాం.

అంతకుముందు మేకులు

మొజాయిక్ మొదలైంది గ్రీకులతో కాదు. ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో, క్రీ.పూ. 4వ సహస్రాబ్దిలోనే, కాల్చిన మట్టితో మేకుల్లాంటివి చేసి, తలలకు ఎరుపు, నలుపు, తెలుపు రంగులేసి, తడిగోడలోకి దిగ్గొట్టారు. బయటికి కనిపించేది రంగు చుక్కల నగిషీ. గోడకు అదే రక్షణ కూడా. మరమ్మతుల కోసం 2023లో మూసేవరకు బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో వాటి నమూనా చూడగలిగేవారు.

కాటికాపరి ఇల్లు

ప్లేట్ల ముక్కలతో బల్ల చేసేవాళ్లకు కులదైవం ఎవరైనా ఉంటే అది రేమో ఇసిదోర్. ఫ్రాన్స్‌లో షార్త్ర్ అనే పట్టణం. పెద్ద చర్చికి, దాని రంగు గాజు కిటికీలకు పేరుమోసిన ఊరు. ఇసిదోర్ (1900-1964) అక్కడి శ్మశానంలో ఊడ్చే పనివాడు. 1938 నుంచి పగిలిన కప్పులూ సాసర్లూ ఏరి తెచ్చి ఇంటికి అతకడం మొదలుపెట్టాడు. గోడలు అయ్యాయి, నేల అయింది, ఆపైన మంచం, పొయ్యి, కుర్చీలు, బల్ల, చివరికి భార్య కుట్టుమిషన్ కూడా. ఆవిడ ఏమన్నారో చరిత్రకెక్కలేదు. తోట గోడల మీద షార్త్ర్ చర్చి బొమ్మ, జెరూసలేం పట్టణం వెలిశాయి. 1981లో ఆ ఇంటిని పురపాలక సంఘం కొన్నది. 1983లో చారిత్రక కట్టడంగా ప్రకటించారు.

కుట్టుమిషన్ అంటే గుర్తొచ్చింది. మన ఇళ్లలో మూలనపడ్డ పాత కుట్టుమిషన్ల ఇనుప స్టాండు పెరటి బల్లకు దొరికే కాళ్లలో ఉత్తమం. బరువు మోస్తుంది, ఊగదు, చూడ్డానికి బాగుంటుంది. తుప్పు గీకి రెడాక్సైడ్ ఒక పూత, పైన ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేస్తే వానలో కూడా ఉంటుంది.

ఒక బల్లకు ఎన్ని ప్లేట్లు?

60 సెంటీమీటర్ల గుండ్రటి బల్ల వైశాల్యం సుమారు 2,830 చదరపు సెంటీమీటర్లు. పదంగుళాల డిన్నర్ ప్లేటు 507 దాకా వస్తుంది. ఆరు ప్లేట్లు చాలన్నమాట అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ప్లేటు అంచు వంపు తిరిగి ఉంటుంది, అది బల్ల మీద చదునుగా కూర్చోదు. అడుగున నిలబడేందుకు ఉన్న వలయం కూడా అడ్డం వస్తుంది. ఇవి పోగా పనికొచ్చేది సగం. సందులు తీసేసినా పది పన్నెండు ప్లేట్లు కావాలి. అందుకే తెలిసినవాళ్లు బల్ల అంతా ప్లేట్లతో నింపరు. మధ్యలో పువ్వులున్న ప్లేట్ల ముక్కలు, చుట్టూ చదునైన టైల్స్ ముక్కలు. చూపు పువ్వు మీదకు పోతుంది, గ్లాసు టైలు మీద నిలబడుతుంది.

ముక్క కొట్టే విద్య

ప్లేటును నేలకేసి కొడితే వచ్చేది చెత్త. పాత టవల్లో చుట్టి, బోర్లించి, సుత్తితో నడిమధ్య ఒక్క దెబ్బ వేయాలి. అయిదారు పెద్ద ముక్కలుగా విడిపోతుంది. అక్కడి నుంచి పటకారు పని. రెండు చిన్న చక్రాల లాంటి పళ్లున్న పటకార్లు టైల్స్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. ముక్కను మొత్తం దాని నోట్లో పెట్టకూడదు. అంచును కాస్త మాత్రమే కరిపించి నొక్కితే పగులు ఎదురుగా సాగిపోతుంది, మీరు అనుకున్న గీత వెంబడే. లోపలికంటా పెట్టి నొక్కితే పిండి అవుతుంది.

పింగాణీ వంగదు. ఇనుము వంగి బలాన్ని మింగుతుంది. పింగాణీలో ఆ గుణం లేదు గనక బలమంతా పగులు కొసకు చేరి దాన్ని ముందుకు తోస్తుంది. పటకారు చేసేది పగులును పుట్టించడం, దారి చూపించడం. ఆ కొత్త అంచు చేతిని కోసినప్పుడు నొప్పి కూడా తెలియదు, రక్తం చూశాకే తెలుస్తుంది. బల్ల చుట్టంచుకు వచ్చే ప్రతి ముక్కనూ సానరాయి మీద నీళ్లు పోసి నాలుగు రుద్దులు రుద్దాలి. పిల్లలు చేయి ఆనించేది ఆ అంచు మీదే. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. పింగాణీ దుమ్ములో సిలికా ఉంటుంది, రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. కాసిని నీళ్లు చిలకరించుకుంటూ కొడితే దుమ్ము లేవదు.

ఒక హెచ్చరిక. పగలవని పేరున్న గట్టి గాజు ప్లేట్లు ఈ పనికి వద్దు. వాటిని తయారీలోనే బిగించి ఉంచుతారు. పగిలితే ఎటుపడితే అటు చీలికలై ఎగురుతాయి, పటకారు మాట వినవు.

టీ కప్పులో ఎముకలు

వెలుతురుకు పట్టుకుంటే వేలి నీడ కనిపించే తెల్లటి పల్చటి కప్పులు చూశారా? బోన్ చైనా అంటారు. అందులో నిజంగానే ఎముక ఉంటుంది. పశువుల ఎముకలను కాల్చిన బూడిద దాదాపు సగం పాళ్లు, మిగతాది చైనా మట్టి, రాతిపొడి. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో జొసయా స్పోడ్ కుదిర్చిన పాళ్లు అవి. కప్పు చూడ్డానికి నాజూకే గానీ గట్టి సరుకు. బల్లకు మాత్రం పల్చన. పక్కన మందపాటి టైలు ముక్క పెడితే ఇది గుంటలో పడ్డట్టుంటుంది. కింద జిగురు దళసరిగా వేసి ఎత్తు సరిచూసుకోవాలి.

దీనికి పూర్తి వ్యతిరేకం మన ఆవకాయ జాడీ. నీళ్లు పీల్చని గట్టి సరుకు, గోధుమరంగు, తెలుపు ముక్కలు ఎండకూ వానకూ చెక్కుచెదరవు. అయితే దాన్ని పటకారుతో కొరికించాలంటే మణికట్టు పోతుంది. జాడీ పగిలితే మూత ఒక్కటి దాచండి. గుండ్రటి మూతను పగలగొట్టకుండా బల్ల నడిమధ్య కూర్చోబెట్టి చుట్టూ ముక్కలు పేర్చుకుంటూ పోతే సగం పని అయిపోయినట్టే.

పార్కు బెంచీ మీద పింగాణీ ముక్కలు

బార్సిలోనాలో పార్క్ గుయెల్. 1900లో మొదలై 1914 దాకా కట్టారు. రూపశిల్పి ఆంటోనీ గౌదీ. ఆయన కట్టడాల్లో తిన్నటి గోడ వెతికి పట్టుకోవాలి. వంపు మీద నలుపలకల టైలు అతకదు, పగలగొట్టిన టైలు అతుకుతుంది. ఆయన పగుళ్ల మొజాయిక్‌కు మూలకారణం ఈ చిన్న లెక్క. ముక్కలు కార్ఖానాలు పారేసిన పలకల నుంచి వచ్చేవి.

ఆ పార్కులో పాములా మెలికలు తిరిగిన పొడవాటి బెంచీ ఉంది. దాని మీద రంగులు కూర్చినవాడు గౌదీ శిష్యుడు జోసెప్ మరియా జుజోల్. దాని కిందే స్తంభాల మంటపం. మంటపం పైకప్పుకు జుజోల్ గుండ్రటి చిత్రాలు అతికించాడు. పగిలిన సీసాలు, ప్లేట్లు, గ్లాసులు, చివరికి పింగాణీ బొమ్మల ముక్కలు కూడా వాడాడు. తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. మెట్ల దగ్గరున్న బల్లి బొమ్మ పక్కన ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. గౌదీ పేరు చాలామందికి తెలుసు, జుజోల్ పేరు ఊరు దాటలేదు. ఇది అన్యాయమే.

క్రేన్ ఓడిపోయింది

లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అనే పేట. అక్కడ సైమన్ రోడియా అనే ఇటలీ వలస కూలీ 1921 నుంచి 1954 దాకా, పగలు కూలికెళ్లి వచ్చి, మిగతా వేళల్లో తన పెరట్లో గోపురాలు లేపాడు. అన్నిటికంటే పెద్దది 30 మీటర్ల దాకా ఉంటుంది. ఇనుప కడ్డీలను పక్కనున్న రైలు పట్టాల సందులో దూర్చి వంచేవాడట. వెల్డింగు లేదు, బోల్టు లేదు. కడ్డీ చుట్టూ ఇనుప వల, వల మీద చేత్తో సిమెంటు, సిమెంటు పచ్చిగా ఉండగానే పగిలిన ప్లేట్లు, టైల్స్, గవ్వలు, పచ్చని సోడా సీసాలు, నీలం మందు సీసాల ముక్కలు. పని అయ్యాక స్థలం పొరుగువాడికి ఇచ్చేసి ఊరొదిలి వెళ్లిపోయాడు, మళ్లీ తిరిగి చూడలేదు.

పురపాలకులు కూలుస్తామన్నారు. జనం వద్దన్నారు. చివరికి 1959లో పందెం కట్టినట్టు ఒక పరీక్ష పెట్టారు. గోపురానికి తాళ్లు కట్టి క్రేనుతో దాదాపు పదివేల పౌన్ల బలంతో పక్కకు లాగారు. క్రేను సామగ్రి వంగిపోయింది. గోపురం కదల్లేదు. 1990లో దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు.

రోడియా రహస్యం ఆ ఇనుప వల. బల్లకూ అదే సూత్రం. సిమెంటుకు నొక్కుడు తట్టుకునే బలం ఉంది, లాగుడు తట్టుకునే బలం లేదు. లోపల చికెన్ మెష్ వేస్తే ఆ లోటు తీరుతుంది. మెష్ వేసి రెండున్నర సెంటీమీటర్ల మందంతో పోసుకున్న 60 సెంటీమీటర్ల గుండ్రటి పలక సుమారు 17 కిలోలు తూగుతుంది. మెష్ లేకుండా నాలుగు సెంటీమీటర్లు పోస్తే 27 కిలోలు. పది కిలోలు తగ్గాయి, బలం పెరిగింది.

ఇంత అవసరం లేదనుకుంటే

తెలుగువాళ్లకు ఇంకో సులువు ఉంది. కడప బండ. వంటింటి గట్టుకో, అరమరకో వేయగా మిగిలిన ముక్క ప్రతి ఇంట్లో గోడకు ఆనించి ఉంటుంది. తాండూరు బండ అయినా సరే. నీళ్లకు ఉబ్బదు, ఎండకు వంగదు. నున్నటి వైపు కింద పెట్టి గరుకు వైపు పైకి తిప్పుకోవాలి, జిగురుకు పట్టు కావాలి కాబట్టి. నా ఓటు దీనికే.

ప్లైవుడ్ మాత్రం వద్దే వద్దు. లోపలి గదిలో బల్లకు సరే. పెరట్లో ఒక్క వానాకాలం చాలు, చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, పింగాణీ ఉబ్బదు, మధ్యలో జిగురు నలిగిపోతుంది. ముక్కలు టపటపా లేచివస్తాయి. వడ్రంగులు వాడే మామూలు తెల్ల జిగురు కూడా తడికి మెత్తబడుతుంది. టైల్స్ మేస్త్రులు వాడే సిమెంటు రకం టైల్ అడెసివ్ తెచ్చుకోవాలి. ఇంకో మాట, మేడ మీద నీళ్లు పోవడానికి మేస్త్రి వాటం ఇస్తాడు చూడండి, బల్లకు కూడా కొద్దిగా వాటం ఇవ్వండి. నీళ్లు నిలిస్తే సందుల్లో పాచి పడుతుంది.

మంచు దేశంలో మనవాళ్లకు

వంటింటి గోడలకు వేసే మెరుపు టైలు వెనక నీటి చుక్క వేసి చూడండి, చూస్తుండగానే ఇంకిపోతుంది. ఆ రకం తన బరువులో 10 శాతానికి మించి నీళ్లు పీలుస్తుంది. నేలకు వేసే విట్రిఫైడ్ టైలు పీల్చేది అర శాతం లోపే. విజయవాడలోనో వరంగల్‌లోనో దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు, ఏది వాడినా నడుస్తుంది. చికాగోలోనో టొరంటోలోనో బల్ల చేసుకునేవాళ్లు మాత్రం గోడ టైల్స్ జోలికి పోకూడదు. నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి. పీల్చుకున్న నీళ్లు లోపలే గడ్డకట్టి మెరుపు పొరను పొలుసుల్లా లేపేస్తాయి. అక్కడ విట్రిఫైడ్ ముక్కలు వాడి, చలికాలం బల్లను షెడ్డులోకి చేర్చడం మేలు.

రోడ్ల ఇన్‌స్పెక్టర్ రహస్య రాజ్యం

మన దేశానికొస్తే చండీగఢ్ రాక్ గార్డెన్. దేశవిభజనలో ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన నేక్‌చంద్ ప్రజాపనుల శాఖలో రోడ్ల ఇన్‌స్పెక్టర్. కొత్త రాజధాని కోసం పాత గ్రామాలను కూల్చేశారు. ఆ శిథిలాల్లో మిగిలిన కప్పులు, గాజులు, కుండ పెంకులు, మరుగుదొడ్ల పింగాణీ, కరెంటు ఫ్యూజులు, అన్నీ సైకిలు మీద మోసుకెళ్లి సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో దాచాడు. 1957లో మొదలుపెట్టిన పని. ఎవరూ కట్టడం కట్టకూడని ప్రభుత్వ భూమి అది. పదిహేనేళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. 1970ల్లో అధికారుల కంటపడేసరికి అక్కడ వందల బొమ్మల ఊరు వెలిసింది. చట్టం ప్రకారం కూల్చాలి. చూసినవాళ్లకు చేతులు రాలేదు. 1976లో జనానికి తెరిచారు, ఆయనకే జీతమిచ్చి అక్కడే ఉంచారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. 2015లో కన్నుమూశారు.

అక్కడ పగిలిన గాజుముక్కలతో చేసిన ఆడవాళ్ల బొమ్మలు బారులు తీరి ఉంటాయి. పగిలిన గాజూ పగిలిన అద్దమూ ఇంట్లో ఉంచకూడదని మన పెద్దలు అంటారు. కాలికో చేతికో గుచ్చుకోకుండా చెప్పిన జాగ్రత్త అది అనుకుంటాను. సిమెంటులో పాతిన ముక్క ఇక గుచ్చుకోదు. ఇంట్లో ఎవరైనా అభ్యంతరం చెబితే ఈ వాదన వినిపించి చూడండి. నెగ్గుతుందని హామీ లేదు.

మేడ మీద మొజాయిక్

అసలు మనం పగిలిన టైల్స్‌ను ఏళ్లుగా నెత్తిమీద పెట్టుకునే బతుకుతున్నాం. మేడ కురవకుండా, వేసవిలో గది ఉడకకుండా, తెల్ల టైల్స్ ముక్కలు పరిచి వైట్ సిమెంటుతో సందులు పూడ్చే పనిని మేస్త్రులు చైనా మొజాయిక్ అంటారు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, మెరుపు పొర నీళ్లను దిగనివ్వదు. పూర్తి పలక పరిస్తే ఒకచోట పగిలినా నీళ్లు దారి చేసుకుంటాయి. ముక్కలైతే మేడ కొంచెం కదిలినా ప్రతి సందూ ఇంత ఇంత సర్దుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే టైల్స్ అందులోని పద్ధతుల్లో ఒకటి.

ఈ మేస్త్రీ పనిని గొప్ప వాస్తుశిల్పంగా మార్చినవారు బాలకృష్ణ దోషి. అహ్మదాబాద్‌లో ఆయన కార్యాలయం ‘సంగత్’ 1980ల మొదట్లో కట్టింది. సగం భూమిలోకి దిగిన పొడవాటి కమాను కప్పులు, వాటి మీద తెల్ల పింగాణీ ముక్కలు. అదే ఊళ్లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కోసం 1990ల్లో గుహ కట్టినప్పుడు, తాబేటి చిప్పల్లాంటి గుమ్మటాలను ఇనుప వల, పల్చటి సిమెంటుతోనే నిలబెట్టి, పైన చైనా మొజాయిక్ వేశారు. 2018లో దోషికి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

చార్మినార్ పక్కన దాగిన రంగులు

హైదరాబాద్‌లో ఉంటూ బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూడనివాళ్లు చాలామంది. పత్తర్‌గట్టి దగ్గరే ఉన్న మొహర్రం సంతాప మందిరం అది. చార్మినార్ (1591) తర్వాత కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. గోడల మీద పలకల పని 17వ శతాబ్దం మొదట్లో పూర్తయింది. ఇది పగిలిన ముక్కల పని కాదు, కావాలని కోసిన ముక్కలది. ఒక్కో రంగు పలకను విడివిడిగా కాల్చి, నగిషీకి తగ్గట్టు కోసి, సందు కనిపించకుండా కూర్చే ఇరానీ పద్ధతి. నీలం, ఆకుపచ్చ, ముదురు పసుపు. గోడ మీద పెద్ద పెద్ద ఆలమ్‌ల, అంటే పీర్ల, ఆకారాలు.

దగ్గరికెళ్లి చూడండి. పైభాగంలో పలకలు మెరుస్తుంటాయి. కిందికొచ్చేసరికి మెరుపు లేదు, ఉన్నది రంగు పూత. 1908 మూసీ వరదల్లో నీళ్లు తగిలిన మేర పలకలు దెబ్బతిన్నాయి. తర్వాత అదే నగిషీని రంగులతో గీశారు. వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పే గీత ఆ గోడ మీద ఇప్పటికీ ఉంది. మూడొందల ఏళ్లు నిలిచిన పనిని ఊడగొట్టింది వెనక్కి చేరిన నీళ్లే. బల్ల సందులు ఎందుకు గట్టిగా పూడ్చాలో దీన్ని మించి చెప్పేదేముంది!

తిరగేసి పేర్చడం

ప్యారిస్ ఒపేరా భవనం 1875లో తెరిచారు. దాని మొజాయిక్ పని చేసినవాడు ఇటలీ నుంచి వచ్చిన జాన్ డొమెనికో ఫక్కీనా. గోడ దగ్గర నిలబడి ఒక్కో ముక్క అతికిస్తే ఏళ్లు పట్టే పనిని ఆయన కార్ఖానాలో కూర్చుని చేయించాడు. ముక్కలను బోర్లించి కాగితానికి అంటించడం, కాగితంతో సహా తెచ్చి గోడకు నొక్కడం, ఆరాక కాగితం తడిపి ఒలిచేయడం.

బల్లకు ఈ పద్ధతి భలే పనికొస్తుంది. ప్లేటు ముక్క ఒక మందం, టైలు ముక్క ఇంకో మందం. పై నుంచి పేరిస్తే బల్ల గతుకుల రోడ్డే. బోర్లించి పేరిస్తే పైకి వచ్చే ముఖాలన్నీ ఒకే మట్టంలో ఉంటాయి, ఎగుడుదిగుడులు అడుగున సిమెంటులో కలిసిపోతాయి. సినిమా పోస్టర్లు అంటించే మైదా లై చాలు, నీళ్లు తగిలితే ఊడిపోతుంది. బొమ్మ మాత్రం అద్దంలోలాగా తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి. అక్షరాలు వేసేవాళ్లు మరీనూ. వంపున్న ముక్కలకు మాత్రం ఈ పద్ధతి కుదరదు.

సందు కథ

ముక్కకూ ముక్కకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. ఎండకు మీటరు పొడవు కాంక్రీటు 40 డిగ్రీల తేడాకు 0.4 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. పింగాణీ అంతకంటే తక్కువ సాగుతుంది. ఆ తేడాను సర్దుకునేది సందే. మూడు మిల్లీమీటర్ల లోపు సందుకు ఇసుక లేని గ్రౌటు, అంతకు మించితే సన్న ఇసుక కలిపినది. ఇసుక లేకుండా వెడల్పు సందు పూడిస్తే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది.

గ్రౌటు తాపీ మీద నిలబడాలి, జారకూడదు. ఏటవాలుగా అదిమి పూడ్చి, పావుగంట ఆగి తడి స్పాంజితో తుడవాలి. తొందరపడి తుడిస్తే సందులో ఉన్నదంతా ఊడొస్తుంది. మర్చిపోయి సినిమాకు వెళ్తే మర్నాడు ఉలి పట్టాలి. ఆ తర్వాత రెండు మూడు రోజులు తడిగుడ్డ కప్పి క్యూరింగ్ చేయాలి. సిమెంటు గట్టిపడేది ఆరిపోయి కాదు, నీళ్లతో కలిసి.

రంగు సంగతి. తెల్ల ప్లేట్ల మధ్య తెల్ల గ్రౌటు వేస్తే ముక్కేదో సందేదో తెలియదు. బూడిదరంగు వేసి చూడండి, పాత ప్లేటు మీది నీలం పువ్వు లేచి నిలబడుతుంది.

పసుపు పడితే ఎరుపు

కొత్త తెల్ల గ్రౌటు మీద పప్పుచారు ఒలికితే మరక పసుపుగా కాక ఎర్రగా వస్తుంది. కంగారు పడక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడడానికీ దిష్టినీళ్లు ఎర్రబడడానికీ కారణమేదో ఇదీ అదే. పచ్చి సిమెంటులో సున్నపు గుణం ఎక్కువ. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. అదే రంగు ఎండకు నిలవదు. పెరటి బల్ల కాబట్టి నాలుగెండలకు మరక దానంతటదే వెలిసిపోతుంది. ఇంట్లో డైనింగ్ టేబుల్‌కు ఆ అదృష్టం లేదు.

ఇంతకీ తెల్ల సిమెంటు తెల్లగా ఎందుకుంటుంది? మామూలు సిమెంటుకు ఆ బూడిదరంగు ఇచ్చేది ముఖ్యంగా ఇనుము. ఇనుము, మాంగనీసు తక్కువున్న ముడిసరుకు ఏరి కాలిస్తే తెల్ల సిమెంటు. ధర ఎక్కువ ఉండడానికి అదో కారణం.

ముక్కలు ఎక్కడ దొరుకుతాయి

దేశంలో తయారయ్యే టైల్స్‌లో అత్యధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తుంది. లారీలో వచ్చే దారిలో పగిలినవి దుకాణం వెనక గుట్టపడి ఉంటాయి. అడిగితే చాలామంది ఊరికే ఇస్తారు, పారబోసే ఖర్చు తప్పుతుంది కాబట్టి. డిజైన్ మారిపోయాక పనికిరాని నమూనా పలకలు కూడా అడగండి, రంగురంగులవి దొరికేది వాటిలోనే. పాతకాలపు గాఢమైన రంగుల పింగాణీ మెరుపులో సీసం ఉండొచ్చు. బల్లకు వాడితే ఇబ్బంది లేదు గానీ కొట్టేటప్పుడు మాస్కు తీయకండి, పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

ఇంట్లో టైల్స్ పని పెట్టుకున్నవాళ్లు మాత్రం మొదటిరోజే మేస్త్రికి చెప్పండి. కోతలో మిగిలే ముక్కలు పారేయొద్దని, రంగుల వారీగా సంచుల్లో వేసి ఉంచమని. పని అయ్యాక అడిగితే అవి గుంతల్లో పూడికకు వెళ్లిపోయి ఉంటాయి.